పాచిక ఎముకకు మూడో కొలత

ప్రాచీన గ్రీకులు గొర్రెల, మేకల కాలి ఎముకలతో పాచికలాడేవారు. వెనుక కాలి చీలమండలో దొరికే ఆ చిన్న ఎముకకు వారి భాషలో ఆస్ట్రగలోస్ అని పేరు. రోమనులు దానినే తాలస్ అన్నారు. లాటిన్‌లో ఆ మాటకు చీలమండ అనీ, పాచిక అనీ రెండర్థాలూ ఉన్నాయి. శకుని పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవనే కథ వ్యాసభారతంలో లేకపోయినా తెలుగు పల్లెల్లో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. ఎముకకూ జూదానికీ చుట్టరికం కలిపిన ఊహ ఒక్క దేశానిది కాదన్నమాట. గ్రీకులు ఆ ఎముకనే ఎంచుకోవడానికి కారణం దాని ఆకారం. నేల మీద విసిరితే అది నాలుగు పక్కల్లో ఏదో ఒక పక్కన నిలుస్తుంది. ఆ నాలుగూ నాలుగు తీరులు: ఒకటి ఉబ్బు, ఒకటి గుంట, ఒకటి చదును, ఒకటి మెలిక. మనిషి తాలస్ పాచికలా పనికిరాదు గాని, వంకరలలో దానికి ఏమాత్రం తీసిపోదు. ఆ వంకరలే శస్త్రవైద్యులను శతాబ్దాలుగా చిక్కుల్లో పెట్టాయి. త్రిమితీయ సాంకేతికత పాదం దాకా దిగి రావడానికి కూడా అవే కారణం.

మోకాలి కింద నుంచి దిగే టిబియా, దాని పక్కన సన్నగా నడిచే ఫిబ్యులా కలిసి చీలమండ దగ్గర ఒక దూలపు గాడిలాంటిదాన్ని ఏర్పరుస్తాయి. ఆ గాడిలో ఇమిడి, పై నుంచి వచ్చే శరీర భారమంతటినీ కింద ఉన్న మడమ ఎముకకూ, ముందున్న పాదపు ఎముకలకూ పంచిపెట్టేది తాలస్. దాని మీద ఒక్క కండరం కూడా అతుక్కొని ఉండదు. ఉపరితలంలో ఇంచుమించు అయిదింట మూడు వంతులు మృదులాస్థితో కప్పబడి ఉంటుంది. చుట్టూ ఉన్న ఎముకలతో ఒరుసుకుంటూ, సంధిబంధనాల ఆసరాతో మాత్రమే నిలిచి ఉండే ఎముక ఇది. మృదులాస్థి ఉన్నచోట రక్తనాళాలు లోపలికి వెళ్లలేవు. మిగిలిన కాస్త చోటు నుంచే, ముఖ్యంగా మెడ భాగం నుంచి, నాళాలు ప్రవేశించి వెనక్కి ప్రయాణించి ఎముక మొండానికి రక్తం అందిస్తాయి. మెడ విరిగితే మొండెం ఆకలితో అలమటిస్తుంది.

సుశ్రుత సంహిత శారీరస్థానంలో చీలమండను గుల్ఫమర్మంగా లెక్కించి, దానిని రుజాకర మర్మాలలో చేర్చారు. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోదు. నొప్పి, పాదం బిగుసుకుపోవడం, కుంటితనం మిగులుతాయని ఆ గ్రంథం చెబుతుంది. తాలస్ మెడ విరిగిన రోగిని రెండేళ్ల తరువాత పరీక్షించే నేటి వైద్యుడు తన రికార్డులో రాసుకునే మూడు మాటలు కూడా తరచుగా అవే. ఎక్స్‌రే లేని కాలంలో, కేవలం చూసి, తాకి, నడిపించి తెలుసుకున్న సంగతి అంత కచ్చితంగా ఉండడం గమనించదగినది.

ఐరోపా వైద్యగ్రంథాలలో తాలస్ గాయం తొలిసారి స్పష్టంగా కనిపించేది 1608లో. జర్మన్ శస్త్రవైద్యుడు ఫాబ్రిషియస్ హిల్డానస్, కందకం దూకి చీలమండ ఎముకను చర్మం బయటకు తెచ్చుకున్న ఒక రోగిని గురించి రాశాడు. ఆయన చేసిన చికిత్స ఆ ఎముకను పూర్తిగా తీసివేయడమే. రోగి తరువాత నడవగలిగాడు. ఆ తరువాతి మూడు శతాబ్దాల్లో ఈ గాయం గురించి చెప్పుకోదగ్గ సంఖ్యలో అనుభవం ఎవరికీ లేదు, అంత అరుదైనది. దానికి కావలసినంత వేగం మనిషి చేతికి ఇంకా రాలేదు.

ఆ వేగం విమానంతో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానికులకు వైద్యం చేసిన హెన్రీ గ్రేమ్ ఆండర్సన్ 1919లో వైమానిక వైద్యంపై ఒక పుస్తకం ప్రచురించాడు. విమానం నడపడం స్వయంగా నేర్చుకున్న వైద్యుడు కావడం వల్ల, ప్రమాద సమయంలో వైమానికుని పాదం ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలుసు. అది చుక్కాని కడ్డీ మీద బిగబట్టి ఉంటుంది. విమానం ముక్కు నేలకు కొట్టుకోగానే ఆ కడ్డీ పాదాన్ని పైకి నెట్టుతుంది; తాలస్ మెడ టిబియా ముందంచుకు తగిలి, ఉలి దెబ్బకు చీలినట్లు చీలుతుంది. అలాంటి 18 గాయాలను వర్ణించి, ఆయన దానికి వైమానికుని ఆస్ట్రగలస్ అని పేరు పెట్టాడు. గాయానికి కారణమైన యంత్రాన్నీ, గాయపడిన ఎముకనూ ఒకే చూపులో చూడగలిగిన రచన అది. నేటి వైద్యపత్రికల వ్యాసాల్లో ఆ గుణం కరువైంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, 1952లో, కోల్టార్ట్ అనే వైద్యుడు బ్రిటిష్ వాయుసేన రికార్డుల నుంచి 228 తాలస్ గాయాలను క్రోడీకరించాడు. శాంతికాలంలో చుక్కాని కడ్డీ స్థానాన్ని కారు బ్రేకు పెడల్ ఆక్రమించింది. అమెరికా హైవేలు ఆ గాయాన్ని సామాన్యుల ఇంటికి తెచ్చాయి. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ వచ్చాక ఛాతీ, తల దక్కి బతికి బయటపడిన వారిలో కాళ్ల గాయాలే ప్రధాన సమస్యగా ముందుకు వచ్చాయి.

1970 ఈ ఎముక చరిత్రలో కీలకమైన సంవత్సరం. ఆ ఏడు అమెరికన్ శస్త్రవైద్యుడు లీలండ్ హాకిన్స్ 55 మంది రోగులలోని 57 తాలస్ మెడ విరుగుళ్లను మూడు తరగతులుగా విభజించాడు. ముక్క కదలకపోతే మొదటి తరగతి; కింది కీలు తప్పితే రెండవది; పై కీలు కూడా తప్పితే మూడవది. రక్తం అందక ఎముక చచ్చిపోవడం మొదటి తరగతిలో ఒక్కరికీ జరగలేదు. రెండవ దానిలో 42 శాతం, మూడవ దానిలో 91 శాతం మందికి జరిగింది. ఒక సాదా వర్గీకరణ రోగి భవిష్యత్తును ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పడం వైద్యంలో అరుదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తీసిన ఎక్స్‌రేలో మృదులాస్థి కిందుగా ఒక సన్నని నల్లటి గీత కనిపిస్తే, రక్తం ఎముకలో పారుతున్నదనీ, అది బతికే ఉన్నదనీ అర్థం. ఆ గీతకు నేటికీ హాకిన్స్ పేరే. రోగులు దానికోసం, పరీక్షా ఫలితాలకు ఎదురుచూసే విద్యార్థుల్లా, ఎదురుచూస్తారు. అదే 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో మల్ఫింగర్, త్రుయేటాలు తాలస్ రక్తనాళాల పటాన్ని గీసి ప్రచురించారు. ఒకరు విరుగుడు చెప్పిన సంఖ్యకు మరొకరు కారణం చూపినట్లయింది. 2011లో న్యూయార్క్ వైద్యులు ఎం.ఆర్.ఐ. సాయంతో ఆ పటాన్ని సవరించారు: తాలస్‌కు అందే రక్తంలో 47 శాతం వెనుక టిబియల్ ధమని నుంచీ, 36 శాతం ముందు ధమని నుంచీ, 17 శాతం ఫిబ్యులా పక్కన సాగే ధమని నుంచీ వస్తుందని వారి లెక్క. అంటే వెనుక దారి అనుకున్నదాని కంటే పెద్దదే.

ఇక స్క్రూ సంగతి. విరిగిన మెడను యథాస్థానానికి తెచ్చి, సాధారణంగా రెండు స్క్రూలతో బిగిస్తారు. వినడానికి వడ్రంగం పని. చేయడానికి మాత్రం, చీకటి గదిలో వంకర కొమ్మకు మేకు కొట్టడం లాంటిది. ముందు నుంచి వెనక్కి బిగిస్తే స్క్రూ తల మృదులాస్థి అంచున పడుతుంది. దాన్ని లోపలికి పాతాలి. వెనుక నుంచి ముందుకు బిగిస్తే పట్టు గట్టిగా ఉంటుందని 1992 నాటి ప్రయోగశాల పరీక్షలు చూపాయి గాని, ఆ దారిలో బొటనవేలిని వంచే స్నాయుబంధమూ, పాదం బయటి వైపు స్పర్శనిచ్చే నాడీ కాపలా కాస్తుంటాయి. మెడ, మొండెంతో ఒకే సరళరేఖలో ఉండదు. లోపలికీ కిందికీ వాలి ఉంటుంది. ఆ వాలు మనిషి మనిషికీ మారుతుంది. స్క్రూ ఒక మిల్లీమీటరు అటైతే కీలులోకి పొడుచుకు వస్తుంది.

దీనికి తోడు మరో మాయ ఉంది. విరుగుడులో తరచుగా మెడ లోపలి వైపు ఎముక నుగ్గయి ఉంటుంది. బయటి వైపు మాత్రం ముక్కలు చక్కగా కలుస్తాయి. స్క్రూ స్వభావం బిగించడం. లోపలి వైపు స్క్రూను గట్టిగా బిగించినకొద్దీ నుగ్గయిన ఎముక కుంచించుకుపోయి, మెడ పొట్టిదై, పాదం లోపలికి తిరుగుతుంది. ఆ రోగి జీవితాంతం పాదం బయటి అంచు మీద నడుస్తాడు. స్క్రూ దారి నిర్దుష్టంగా ఉండవచ్చు, ఎముక వంకరగా అతికి ఉండవచ్చు. సియాటిల్‌లో సాంజార్జన్ బృందం 1992లో శవాల పాదాలతో చేసిన పరీక్షల్లో, తాలస్ మెడ 2 మిల్లీమీటర్లు తప్పినా కింది కీలులో ఒత్తిడి పంపకం మారిపోతుందని తేలింది. మెంఫిస్‌లో కనాలీ, కెల్లీలు 1978లో 71 విరుగుళ్లను సమీక్షించినప్పుడు, ఈ వంకరను పట్టుకోవడానికే ఒక ప్రత్యేకమైన ఎక్స్‌రే కోణాన్ని ప్రతిపాదించారు: పాదాన్ని పూర్తిగా కిందికి వంచి, 15 డిగ్రీలు తిప్పి, ఎక్స్‌రే గొట్టాన్ని బల్లకు 75 డిగ్రీల వాలులో నిలపాలి. నేటికీ శస్త్రచికిత్స గదిలో ఆ కోణం కోసం పాదాన్ని అటూ ఇటూ తిప్పుతూ కుస్తీ పడుతుంటారు. ఇన్ని డిగ్రీల లెక్క ఎందుకు వచ్చిందంటే, చూడవలసిన వస్తువుకు మూడు కొలతలున్నాయి, చూపించే పటానికి రెండే ఉన్నాయి.

రెండు కొలతల పటం అమెరికాలో రోగికి మొదట ఉపయోగపడింది 1896 ఫిబ్రవరి 3న. రాంట్‌జన్ కొత్త కిరణాలను కనుగొని మూడు నెలలైనా కాలేదు. న్యూ హాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కళాశాలలో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ ఫ్రాస్ట్, వైద్యుడైన ఆయన సోదరుడు గిల్మన్ ఫ్రాస్ట్ కలిసి, గడ్డకట్టిన నది మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్న ఎడ్డీ మెకార్తీ అనే బాలుని చేతిని ఫొటో తీశారు. ఆ బాలుడు 20 నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. అరవయ్యేళ్ల తరువాత ఫిలిప్స్ సంస్థ తొలి సి-ఆర్మ్ యంత్రాన్ని తెచ్చింది. శస్త్రచికిత్స జరుగుతుండగానే ఎముకను తెర మీద చూసే వీలు కలిగింది. స్క్రూల యుగం దానితోనే విస్తరించింది. కానీ అదీ నీడే. నీడను చూసి వస్తువును ఊహించే నేర్పు శస్త్రవైద్యుని మెదడులో ఉండాలి.

ఆ నేర్పు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు? ఈ ప్రశ్నకు చీలమండ దగ్గరే గట్టి జవాబు దొరికింది. 1976లో రాంసే, హామిల్టన్‌లు 23 చీలమండలను కోసి, కీలు ఉపరితలానికి మసి పూసి, తాలస్ ఎక్కడెక్కడ తాకుతుందో ముద్ర తీసి చూశారు. తాలస్ బయటికి ఒక మిల్లీమీటరు జరిగితే ఎముకల మధ్య తాకిడి వైశాల్యం సగటున 42 శాతం తగ్గింది. ఒక మిల్లీమీటరంటే బియ్యపు గింజ మందం కంటే తక్కువ. 2006లో న్యూయార్క్‌కు చెందిన గార్డ్‌నర్, లోరిచ్, హెల్ఫెట్ బృందం చీలమండ పై సంధిని స్క్రూలతో బిగించిన 25 మంది రోగులకు ఆపరేషన్ తరువాత సి.టి. స్కాన్ చేయించింది. మామూలు ఎక్స్‌రే కొలతల ప్రకారం 24 శాతం మందిలోనే సంధి సరిగా కుదరలేదు. సి.టి.లో ఆ సంఖ్య 52 శాతం. అనుభవజ్ఞులైన చేతులు, పేరున్న కేంద్రం, అందరూ తృప్తిగా చూసిన ఎక్స్‌రేలు. అయినా సగం మందిలో ఎముక తన గాడిలో లేదు. ఇంత చిన్న అధ్యయనం ఇంతమంది శస్త్రవైద్యుల నిద్ర చెడగొట్టిన సందర్భాలు ఎక్కువ లేవు. శస్త్రచికిత్స బల్ల మీదనే త్రిమితీయ చిత్రం తీసే యంత్రాలకు అమెరికా ఆసుపత్రులలో గిరాకీ పెరగడంలో ఈ రకం సాక్ష్యాలకు పెద్ద పాత్ర ఉంది.

సి.టి. కథ చాలామందికి తెలిసినదే. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం కింద మొదటి రోగిని పడుకోబెట్టారు. దానికి ఏడెనిమిదేళ్ల ముందే, ఎక్స్‌రేల నుంచి కోతలను లెక్కగట్టే గణితాన్ని ఎలన్ కార్మాక్ ప్రచురించాడు. ఆయన దక్షిణాఫ్రికాలో పుట్టి, బోస్టన్ సమీపంలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆ వ్యాసాలను వైద్యలోకం పట్టించుకోలేదు. ప్రతి కావాలని అడిగిన అతికొద్దిమందిలో స్విట్జర్లాండులోని ఒక హిమపాత పరిశోధన కేంద్రం కూడా ఉందని కార్మాక్ తరువాత సరదాగా గుర్తు చేసుకున్నాడు. మంచు పొరల లోపలి సంగతి తెలుసుకోవాలని వారి ఆశ. 1979లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే సి.టి. ఇచ్చేది కోతలు మాత్రమే, దోసకాయను చక్రాలుగా తరిగినట్లు. చక్రాలను మళ్లీ దోసకాయగా చేసే పని వేరు. 1979లో బఫలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గాబర్ హెర్మన్, లియూలు ఆ కోతలను పేర్చి అవయవాల ఉపరితలాన్ని తెర మీద నిలబెట్టారు. దాని తరువాతి మలుపు ఆశ్చర్యకరమైనది. 1986లో స్టీవ్ జాబ్స్ కొన్న పిక్సార్ అప్పటికి సినిమాల కంపెనీ కాదు. బొమ్మలను లెక్కించే ఖరీదైన కంప్యూటర్‌ను అమ్మే సంస్థ. కొనేవారి కోసం వెతుకుతూ వారు ఆసుపత్రుల తలుపు తట్టారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో రేడియాలజిస్టు ఇలియట్ ఫిష్‌మన్, పిక్సార్‌కు చెందిన రాబర్ట్ డ్రెబిన్‌తో కలిసి తుంటి ఎముకల త్రిమితీయ చిత్రాలను 1987లో ప్రచురించాడు. మరుసటి ఏడు డ్రెబిన్, కార్పెంటర్, హాన్రహన్‌లు ఆ పద్ధతి వెనుక గణితాన్ని వెల్లడించారు. ఎముక అంచును కత్తితో కోసినట్లు నిర్ణయించకుండా, ప్రతి బిందువులో ఎముక పాలెంత, కండ పాలెంత అని అంచనా వేసి, కాంతి దానిలోంచి ఎలా సాగుతుందో లెక్కించడం అందులోని కిటుకు. కంప్యూటర్ల వ్యాపారం గిట్టుబాటు కాక పిక్సార్ దాన్ని వదులుకొని బొమ్మల సినిమాలు తీసుకుంది. ఆసుపత్రులలో మాత్రం ఆ గణితం నిలిచిపోయింది.

తెర మీద తిరిగే ఎముకను చేతిలోకి తెచ్చిన వ్యక్తి కాలిఫోర్నియాకు చెందిన ఛార్లెస్ హల్. బల్లల పైపూతలను అతినీలలోహిత దీపాలతో గట్టిపరిచే సంస్థలో ఆయన ఇంజనీరు. ద్రవరూపంలోని రెసిన్‌ను ఆ కాంతితో పొర మీద పొరగా గట్టిపరిస్తే వస్తువు తయారవుతుందని ఆయన ఊహ. 1983 మార్చిలో కన్ను కడుక్కునే చిన్న గిన్నె ఒకటి అలా తయారైంది. 1984 ఆగస్టులో దరఖాస్తు చేసిన పేటెంట్ 1986 మార్చిలో చేతికి వచ్చింది. 1990 నాటికే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సి.టి. సమాచారం నుంచి ఈ పద్ధతిలో ఎముకల నమూనాలు చేయవచ్చని చూపారు. కానీ చాలాకాలం అవి పుర్రె, దవడల శస్త్రచికిత్సలకే పరిమితమయ్యాయి. పాదం దాకా రావడానికి ధర దిగిరావాలి. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పరిచే మరో పద్ధతి మూల పేటెంట్ 2009లో ముగియడంతో బల్ల మీద పట్టే చిన్న ప్రింటర్లు వెల్లువెత్తాయి. ఒక ఆసుపత్రి గదిలో, రాత్రి మొదలుపెడితే తెల్లవారేసరికి రోగి తాలస్ ప్లాస్టిక్‌లో సిద్ధమయ్యే కాలం అప్పుడు వచ్చింది.

ఇప్పటి పద్ధతి స్థూలంగా ఇలా సాగుతుంది. పలుచని కోతలతో సి.టి. తీస్తారు. సాఫ్ట్‌వేర్‌లో టిబియా, మడమ ఎముక, ముందరి ఎముకల నుంచి తాలస్‌ను విడదీస్తారు. విరిగిన ఒక్కో ముక్కకూ ఒక్కో రంగు. రోగి రెండో కాలి తాలస్‌ను అద్దంలో బింబంలా తిప్పి నమూనాగా పెట్టుకుంటారు. ఒకే మనిషి కుడి ఎడమ తాలస్‌లు దాదాపు ఒకదానికొకటి ప్రతిబింబాలని కొలతల్లో తేలింది. ముక్కలను ఆ నమూనా మీద తెరలోనే పేర్చుతారు. తరువాత స్క్రూలను గీతలుగా గీసి, ఎంత పొడవు, ఏ వాలు, కీలుకు ఎంత దూరం అని చూసుకుంటారు. చివరికి ఎముక ఉపరితలానికి అచ్చు గుద్దినట్లు కూర్చునే ఒక చిన్న ప్లాస్టిక్ తొడుగును, అందులో డ్రిల్లు దూరే గొట్టాలతో సహా, ముద్రిస్తారు. శస్త్రచికిత్సలో తొడుగును ఎముక మీద ఆనించి, గొట్టంలోంచి తీగ దింపితే ముందు గీసిన దారే దొరకాలి. రోగి ఎముకకు సరిపోయే మార్గదర్శక తొడుగుల ఆలోచనకు 1990లలో జర్మనీలోని ఆఖెన్‌లో రాడర్‌మాకర్ బృందం రూపునిచ్చింది. తాలస్ మెడకు దాన్ని అన్వయించిన అధ్యయనాలు ఎక్కువగా చైనా నుంచి వచ్చాయి. ఆపరేషన్ సమయం, రక్తస్రావం, ఎక్స్‌రే వాడకం తగ్గాయని వారి నివేదికల సారం.

చదవడానికి నిష్కంటకంగా కనిపించే ఈ దారిలో తాలస్ తనదైన ముళ్లు పరిచింది. తొడుగు సరిగా కూర్చోవాలంటే ఎముక నగ్నంగా కనిపించాలి. ఎముకను కప్పిన పొరలను ఒలిచినకొద్దీ మిగిలిన రక్తనాళాలు తెగుతాయి. ఏ ఎముకను కాపాడాలని ఈ ప్రయత్నమో దాని ఊపిరే తీసినట్లవుతుంది. సి.టి.లో మృదులాస్థి స్పష్టంగా కనబడదు, కనుక మృదులాస్థి మీద ఆనవలసిన తొడుగు వదులై కదలవచ్చు. అన్నింటికంటే ముఖ్యమైనది, విరిగి పక్కకు జరిగిన ఎముక మీద తొడుగుకు చోటు లేదు. ముందు చేత్తో ముక్కలను యథాస్థానానికి తేవాలి, ఆ తరువాతే తొడుగు. అంటే సాధనం స్క్రూకు దారి చూపుతుంది. ఎముకను సరిచేయడం మాత్రం వైద్యుని వేళ్ల పనే. కదలని విరుగుడుకు చిన్న గాట్ల ద్వారా స్క్రూ వేయవలసి వచ్చినప్పుడు చేతిలోని నమూనా, తెర మీది ప్రణాళిక నిజంగా మేలు చేస్తాయి. నుగ్గయిన మెడ దగ్గర వాటి విలువ వేరే రకంగా ఉంటుంది. లోపలి వైపు ఎంత ఎముక లోపించిందో ముందే చేతితో తడిమి చూసిన వైద్యుడు అక్కడ బిగించే స్క్రూ వేయడానికి సాహసించడు. బిగించకుండా నిలిపే స్క్రూనో, చిన్న ప్లేటునో ఎంచుకుంటాడు. తొడుగు కంటే ఈ ముందుచూపే ఎక్కువ లాభమనిపిస్తుంది.

మరో దారి కంప్యూటర్ నావిగేషన్. దాని మూలాలు మళ్లీ డార్ట్‌మత్‌లోనే ఉన్నాయి. అక్కడ 1986లో డేవిడ్ రాబర్ట్స్, తలకు చట్రం బిగించకుండానే సి.టి. చిత్రాన్ని ఆపరేషన్ మైక్రోస్కోపుతో జతపరిచాడు. సెయింట్ లూయిస్‌లో రిచర్డ్ బుకోల్జ్ కెమెరాలతో పరికరాల స్థానాన్ని కనిపెట్టే పద్ధతిని అభివృద్ధి చేశాడు. మెదడుకూ వెన్నెముకకూ బాగా నప్పిన ఈ విద్య పాదం దగ్గర కొంత తడబడింది. పుర్రె ఒకే గట్టి పెట్టె. పాదంలో 26 ఎముకలు, ప్రతి ఒక్కటీ పక్కదానితో సంబంధం లేకుండా కాస్త కదలగలదు. గుర్తు పలకను టిబియాకు బిగిస్తే, చీలమండ రెండు డిగ్రీలు వంగినా తాలస్ తెర మీద ఒకచోట, నిజంగా మరొకచోట ఉంటుంది. తాలస్‌కే బిగిద్దామంటే అంత చిన్న ఎముకలో స్క్రూలకే చోటు చాలదు. పాదాన్ని ఒక భంగిమలో కదలకుండా కట్టివేసి, ఆ తరువాత త్రిమితీయ చిత్రం తీసి, వెంటనే పని ముగించడం ఒక్కటే మార్గం. స్క్రూ వేశాక, కుట్లు వేయకముందే మరోసారి త్రిమితీయ చిత్రం తీసి చూడడమే బహుశా ఈ యంత్రాల అసలు ఉపకారం. తప్పు రేపు కాక ఇప్పుడే తెలుస్తుంది.

ఇంతకీ రోగి బాగా నడుస్తున్నాడా? ఈ ప్రశ్న దగ్గర లెక్కలు నేల మీదికి దింపుతాయి. మోకాలి మార్పిడిలో ఇలాంటి వ్యక్తిగత తొడుగులు ఒకప్పుడు పెద్ద ఆర్భాటంతో వచ్చాయి. పోల్చి చూసిన పరీక్షల్లో మామూలు పద్ధతి కంటే నిలకడగా మెరుగైన ఫలితాలు కనబడలేదు. తాలస్ విషయంలో అంత పెద్ద పరీక్షలకు రోగులే దొరకరు. 2004లో సియాటిల్ నుంచి హెదర్ వాలియర్ సహచరులతో ప్రచురించిన 102 తాలస్ మెడ విరుగుళ్ల అధ్యయనం పాత నమ్మకాన్నొకదాన్ని కదిలించింది. ఆపరేషన్ కొద్ది గంటలు ఆలస్యమైనంత మాత్రాన ఎముక చచ్చిపోవడం పెరగదని అది చూపింది. 2014లో ఆమె బృందం హాకిన్స్ రెండవ తరగతిని రెండుగా చీల్చింది. కింది కీలు కొంత మాత్రమే తప్పినవారిలో ఎవరికీ ఎముక చావలేదు. పూర్తిగా తప్పినవారిలో నాలుగింట ఒక వంతుకు చచ్చిపోయింది. అంటే ఎముక బతుకు చాలావరకు దెబ్బ తగిలిన క్షణంలోనే తేలిపోతుంది. ఎంత నిర్దుష్టమైన స్క్రూ అయినా తెగిన ధమనిని అతికించలేదు. అది చేయగలిగింది మెడ వంకరను నివారించడం, కీలు గీరుకుపోకుండా చూడడం. వంకర పాదమూ, కీళ్లవాతమూ రోగిని ఎముక మృతి కంటే ఎక్కువగా బాధించే సందర్భాలు తక్కువేమీ కావు గనుక అది చిన్న సాయమేమీ కాదు.

ఖర్చు మరో సంగతి. నమూనా చేయడానికి ఇంజనీరు గంటలు, రేడియాలజిస్టు గంటలు పడతాయి. అమెరికాలో బీమా సంస్థకు బిల్లు పంపాలంటే ప్రతి పనికీ ఒక సంకేత సంఖ్య కావాలి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ త్రీడీ ముద్రిత నమూనాలకూ తొడుగులకూ 2019 జూలై 1 నుంచి నాలుగు తాత్కాలిక సంకేతాలిచ్చింది. ఆ తరగతి సంకేతాలు ప్రధానంగా వాడకాన్ని లెక్కపెట్టడానికి. వాటికి డబ్బు చెల్లించి తీరాలన్న నియమం లేదు. అందువల్ల ఈ సేవ ఇప్పటికీ పెద్ద బోధనాసుపత్రులలోనే ఎక్కువగా దొరుకుతుంది. చిత్తూరు సీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే అలవాటు తరతరాలుగా ఉన్నదే. వేళ్లతో తడిమి విరుగుడును పోల్చుకోవడం ఆ విద్యకు ఆయువుపట్టు. ముంజేతి విరుగుడుకు సరిపోయే ఆ స్పర్శ తాలస్‌ను చేరలేదు. నాలుగు ఎముకల మధ్య దాగిన దాని మెడ ఏ వేలికీ అందదు. దాన్ని వేళ్లకు అందేలా బయటికి తెచ్చి ఇచ్చింది ప్రింటరే. కాకపోతే ఆ వేళ్లు బోస్టన్‌లోనో సియాటిల్‌లోనో ఉన్నాయి, గాయాలు ప్రతి ఊరి రోడ్డు మీదా ఉన్నాయి.

స్క్రూలు విఫలమై ఎముక చచ్చి కూలినప్పుడు, చాలాకాలం మిగిలిన మార్గం చీలమండను కదలకుండా అతికించివేయడమే. థాయిలాండ్‌లో థోస్ హార్న్‌రూంగ్‌రోజ్ 1974 నుంచే లోహపు తాలస్ మొండాలను అమర్చాడు. జపాన్‌లోని నారాలో తానిగుచి బృందం పింగాణీ తాలస్‌లతో సాధించిన ఫలితాలను 2015లో ప్రచురించింది. అమెరికాలో 2021 ఫిబ్రవరి 17న ఆహార ఔషధ పాలనా సంస్థ, రోగి రెండో కాలి సి.టి. ఆధారంగా త్రీడీ ముద్రణతో చేసే కోబాల్ట్ క్రోమియం తాలస్‌ను అనుమతించింది. అరుదైన జబ్బులకు ఉద్దేశించిన మానవతా మినహాయింపు కింద, 31 మంది రోగులలో జరిగిన 32 శస్త్రచికిత్సల వివరాలు చూసి ఇచ్చిన అనుమతి అది. వారిలో ఒకరికి రెండు కాళ్లకూ అమర్చారు. అతని విషయంలో ఏ కాలి ప్రతిబింబాన్ని ఏ కాలికి తీసుకోవాలన్నది ఇంజనీర్లకు ప్రత్యేకమైన చిక్కే అయి ఉండాలి. మూడేళ్ల తరువాత ఆ రోగుల సగటు నొప్పి, మునుపటి మధ్యస్థం నుంచి తీవ్రం అనే స్థాయి నుంచి స్వల్పానికి దిగింది. మూడు చోట్ల మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. ఆ లోహపు ఎముకకు మృదులాస్థి లేదు, రక్తం అక్కరలేదు. చుట్టూ ఉన్న ఎముకల ఆకారమే దాన్ని పట్టి ఉంచుతుంది. దాని మీద ఒరుసుకునే టిబియా మృదులాస్థి ఎన్నేళ్లు తట్టుకుంటుందో ఆ రోగులను ఇంకా వెంటాడి చూస్తున్నారు.